దువ్వెనల బుట్ట

మగవాళ్ళు కర్పూరం కోసం ఎగువ అడవికి పోయినప్పుడు ఊరంతా ఒకే కప్పు కింద వరస గదుల్లో ఉండే మా పొడుగింట్లో ఆడవాళ్ళెవరూ దువ్వెన ముట్టకూడదు. ఇక్కడ పెళ్ళాం దువ్వెన ముట్టిందంటే అక్కడ మొగుడు నరికే చెట్టు లోపల, కర్పూరం గడ్డకట్టి ఉండాల్సిన పగుళ్ళన్నీ దువ్వెన పళ్ళ మధ్య సందుల్లాగా ఖాళీగా ఉంటాయి. అందుకని పడవలు రేవు వదిలిన పూటే ప్రతి గదిలోంచీ దువ్వెనలు తెచ్చి ఒక పేము బుట్టలో వేసేవాళ్ళు. మా ఇంటి పెద్దదొర భార్య, దొరసాని ఉబూంగ్, దాని మూతి బిగించి కట్టి తన గదిలో దూలానికి వేలాడదీసేది. చెట్టు నరికేది పెద్దదొర పేరు మీద కాబట్టి, దొర ఇంటిపట్టునే ఉన్నా దొరసానికీ అదే కట్టడి. పడవలు తిరిగొచ్చి, బుట్ట మీద పంది రక్తం చిలకరించేదాకా అందరి తలలూ పిచ్చిక గూళ్ళే.

నిజానికి నరికిన చెట్లలో ఎక్కువ ఉత్తివే. మెడ విరిగేలా చూసినా కొస కనపడని చెట్టు, నలుగురు చేతులు కలిపినా అందని మొదలు, ఆకు నలిపితే చెయ్యంతా వాసన. అయినా చీల్చి చూస్తే లోపల వట్టి చెక్క. ఏ చెట్టు కడుపులో ఏముందో చెట్టుకే తెలుసు. ఈ మాట మగవాళ్ళు బియ్యపు కల్లు తాగినప్పుడు వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు. అడవి నుంచి ఖాళీ చేతులతో వచ్చినప్పుడు మాత్రం అనరు.

ఆ ఏడు నాకు ఐదో ఆరో. నా పేరు మూజాన్. తల నిండా పేలు, గీరి గీరి ఎడమ చెవి వెనక పుండు. నాన్న కెబింగ్ పడవ ఎక్కేముందు నా నెత్తి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇందులో ఒక ఊరే కాపురం ఉందే," అన్నాడు. "ఉండు, చెట్టు నూనె తెస్తాను. ఒక్క పూటలో ఊరు ఖాళీ."

"దాని పేరెత్తకు. చెట్టు వింటుంది," అంది అమ్మ.

"నూనె పేరేగా ఎత్తింది," అన్నాడు నాన్న. పడవలో ముందు కూర్చున్న తుగాంగ్ నవ్వాడు. తుగాంగ్ పెద్దదొర మేనల్లుడు. ఆ ఏడు మొదటి గొడ్డలి వేటు అతనిది. రేవులో అతని తల్లి హున్యాంగ్ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి, పడవ అంచు పట్టుకుని వదలకుండా నడుస్తోంది. ఆమె విధవ, ఒక్కడే కొడుకు. "వదలవే అమ్మా, పడవ బోల్తా కొడుతుంది," అని అతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

పడవల్ని సాగనంపడానికి నేను ఇప్పటికీ రేవుకి దిగను. ఎవరైనా పొలానికి పోతున్నా, చీకటి పడకముందే వసారాలో కూర్చుని వచ్చినవాళ్ళని చూసుకుంటూ ఉంటాను.

మా అమ్మ దెవోంగ్ ఈ ఏటి మనిషి కాదు. తింజర్ ఏటి మీద ఇంకో పొడుగింటి నుంచి నాన్న వెంట వచ్చింది. ఆమె వైపు మాట్లాడే మేనమామ గానీ అన్న గానీ ఇంటి తగువులన్నీ తీరే మా వసారాలో ఎవరూ లేరు. ఆమెకి ఉన్నది నాన్న, నేను. అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారట. అందుకని నన్ను నీడలా కనిపెట్టుకుని ఉండేది. నా తలలో పుండు చీము పట్టేసరికి ఆమెకి నిద్ర లేదు.

దువ్వెన ముట్టకూడదు. వేళ్ళతో ఎన్నని తీస్తుంది? ఒకరోజు ముళ్ళపందిని వండినప్పుడు పొయ్యి దగ్గర పడున్న ముల్లు ఒకటి కడిగి తెచ్చింది. వసారాలో నన్ను ఒళ్ళో వేసుకుని, ఆ ముల్లు కొసతో పాయ పాయ తీసి, ఈరుని పైకి లేపి, గోళ్ళ మధ్య చిటుక్కుమనిపించేది.

మొదటిసారి చూసిన హున్యాంగ్ అటుగా వచ్చి వంగింది. "ఏంటే అది?"

"ముల్లు పెద్దమ్మా. ఒక్కటే. దీనికి పళ్ళు లేవు, సందులూ లేవు. తప్పంటారా?"

హున్యాంగ్ ముల్లుని వెలుతురుకి పట్టి చూసింది. "సందు లేందే దువ్వెనెలా అవుతుంది? తప్పులేదులే. నా తలా కాస్త చూద్దూ, అడవిపంది దూరినా తెలియట్లేదు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నిజంగానే కూర్చుని తల వంచింది. అమ్మ ఆమె తలలో కూడా ముల్లు పెట్టి చూసింది.

అమ్మ రోజూ దొరసాని గదికి వెదురు గొట్టాల్లో నీళ్ళు మోసేది. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. అమ్మ ముందు గదిలో నీళ్ళు వంచుతుంటే నేను లోపలి గుమ్మం దాకా పోయాను. దొరసాని వెనక కిటికీ దగ్గర కూర్చుని ఉంది. తలకి ఎప్పుడూ చుట్టుకునే ఎర్ర గుడ్డ పక్కన పెట్టింది. బుట్ట కిందికి దించి ఉంది. ఒళ్ళో మోకాళ్ళ దాకా జుట్టు, చేతిలో తాబేటి చిప్ప దువ్వెన. అది పైనుంచి కిందికి ఎక్కడా ఆగకుండా జారుతోంది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, ఎండలో పిల్లి కూర్చున్నట్టు.

కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోప్పడలేదు. పక్కనున్న చెరుకు ముక్క నా చేతిలో పెట్టింది.

మర్నాడు అమ్మ నా తల చూస్తుంటే చెప్పాను. ముల్లు ఆగిపోయింది.

"దొరసాని ఏం చేస్తోందన్నావ్?"

"దువ్వుకుంటోంది."

అమ్మ వసారా ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. తర్వాత నా చెవిలో అంది. "నువ్వేం చూళ్ళేదు. చెరుకు తిన్నావు, వచ్చావు. అంతే."

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం అడవికి పోయినవాళ్ళలో అవూన్ అనే మనిషి ఒక్కడే కాలిబాటన వచ్చాడు. పెద్దదొర పొలాల వైపు వెళ్ళి ఉన్నాడు. అవూన్ తిన్నగా దొరసాని గదిలోకి పోయి, బయటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కింద పడవల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి దొరసాని మా గదికి వచ్చింది. ఆమె మా గుమ్మం తొక్కడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ నన్ను ఒళ్ళోంచి దించి లేవబోయింది.

"కూర్చోవే దెవోంగ్. పిల్ల తల చూస్తున్నావా, చూడు. నేనొచ్చానని పేలకేం తెలుసు." చాప మీద కూర్చుని, గొంతు తగ్గించింది. "కబురొచ్చింది. చెట్టు ఉత్తిదట."

"మా ఆయన?"

"నీ మొగుడు బాగానే ఉన్నాడు. రేపు పడవలొస్తాయి."

"అందరూ బాగున్నారా?"

"నీ మొగుడు బాగున్నాడంటే చాలదటే? ఇప్పుడు మాట అది కాదు. ఎవరు ముట్టారని అడుగుతారు. అడగరా?"

"అడుగుతారు."

"బుట్ట నా గదిలో ఉంది. కట్టిన కట్టు కట్టినట్టే ఉంది. నీ చేతిలో ముల్లు మాత్రం ఇల్లంతా చూసింది."

"దానికి పళ్ళు లేవు దొరసానమ్మా. హున్యాంగ్ పెద్దమ్మే అంది, తప్పులేదని."

"అందుకే చిన్న తప్పు అంటున్నాను. చిన్నదానికి చిన్న దండగ. ఒక పంది. అదీ నా దొడ్డిలోంచి ఇస్తాను, నీది కాదు. నీ అంతట నువ్వే ఒప్పుకుంటే అక్కడితో సరి. ఎవరూ ఒప్పుకోకపోతే పందిని కోసి కార్జం చూస్తారు. కార్జం ఎవరి వైపు చూపిస్తుందో ఎవరికి తెలుసు? పిల్ల వైపే చూపించొచ్చు. దాని తలేగా దువ్వింది." నా వైపు తిరిగి నవ్వింది. "ఆ రోజు చెరుకు తియ్యగా ఉందా అమ్మా?"

నేను అమ్మ మొహం చూశాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి ఉంచింది.

"పందితో పోతుందిగా?" అంది. "పిల్ల జోలికి ఎవరూ రారుగా?"

"పంది దండగకి పిల్లనెవరడుగుతారే, పిచ్చిదానా."

ఆ సాయంత్రం వసారాలో దొర కూర్చున్నాడు. చెట్టు ఉత్తిదని దొరసానే అందరికీ చెప్పింది. అమ్మ లేచి, ముల్లు తీసి చాప మీద పెట్టి, దీంతో పిల్ల తల చూశానని, దండగ పంది ఇస్తానని చెప్పింది. అందరూ ముల్లు వైపు వంగి చూశారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు.

"ముల్లుకే పందైతే, నేను పది వేళ్ళతో గోక్కున్న గోకుడికి దొడ్డి దొడ్డే ఇవ్వాలి," అంది ఒకావిడ.

"నీ చిక్కులో దువ్వెన పెట్టినా పళ్ళే విరుగుతాయి, ఇంక సందులెక్కడివి," అంది పక్కనావిడ.

దొర కూడా నవ్వాపుకున్నాడు. "ఒక పంది," అన్నాడు. "ఇంకెవరూ ముట్టలేదుగా?"

"దొరసాని..." అన్నాను నేను.

అమ్మ అరచెయ్యి నా నోటి మీద పడింది. ఎంత గట్టిగా అంటే, కదిలే పన్ను లోపలికి గుచ్చుకుంది.

"పిల్ల ఏమంటోంది?" అన్నాడు దొర.

"దొరసానమ్మ ఇచ్చిన చెరుకు ఇంకా కావాలంటోంది," అంది అమ్మ.

అందరూ నవ్వారు. దొరసాని అక్కడికక్కడే లోపలికి పోయి చెరుకు తెచ్చి ఇచ్చింది. హున్యాంగ్ నా బుగ్గ గిల్లి, "నా కొడుకు రానీ, నిన్నే కోడల్ని చేసుకుంటా, పేలు తీసి పెడుదువు గాని," అంది.

మర్నాడు పొద్దెక్కాక పడవలు వచ్చాయి. వంపు తిరగ్గానే కేకలు పెట్టడం మా మగవాళ్ళ అలవాటు. ఆ రోజు కేకల్లేవు. తెడ్లు నీళ్ళలో పడే చప్పుడే. మొదటి పడవలో చాపలు చుట్టిన కట్ట ఒకటి పొడుగ్గా ఉంది. హున్యాంగ్ రేవులో నిలబడి ఒక్కో మొహం చూస్తూ, చివరి పడవ దాకా చూసి, మళ్ళీ మొదటి పడవ దగ్గరికి వచ్చింది.

శవం రేవుకి చేరేదాకా చావు కబురు చెప్పకూడదు. అవూన్ అందుకే నోరు కట్టుకున్నాడు. దొరసానికి ఒక్కదానికే చెప్పాడు. ఆ మాట చాలా ఏళ్ళ తర్వాత అతనే నాతో అన్నాడు.

చెట్టు ఒరిగేటప్పుడు మొదలు వెనక్కి తన్నిందట. తుగాంగ్ పక్కకి తప్పుకోవడానికి వీల్లేకపోయింది. తర్వాత చెట్టుని ముక్కలు చేసి చీలిస్తే ఒక్క కర్పూరం పలుకూ లేదు. మొదట్లో కొంచెం నూనె ఊరి ఉంది, అంతే. నాన్న ఆ నూనె చిన్న వెదురు గొట్టంలో పట్టి తెచ్చాడు.

శవాన్ని వసారాలో పడుకోబెట్టారు. హున్యాంగ్ ఏడవలేదు. కొడుకు పక్కన కూర్చుని, మా అమ్మ కోసం చూసింది.

"ముల్లు తెచ్చిందెవరు?" అంది.

ఆ ముల్లు మెచ్చుకుంది తనేనని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

"పెద్దమ్మా, ఒక్క ముల్లు," అంది అమ్మ. "మీరే చూశారు. మీరే అన్నారు, సందు లేదని."

"ఒక్క ముల్లుని పదిసార్లు లాగితే పది పళ్ళు. నా తలలో కూడా లాగావు. నా చేతే నా కొడుకు చెట్టు ఖాళీ చేయించావు."

అమ్మ నాన్న వైపు తిరిగింది. "నువ్వక్కడున్నావు. చెప్పు, ఎలా పడిందో."

నాన్న గొట్టం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "గాలి ఉంది," అన్నాడు. "గాలి తగ్గేదాకా ఆగుదామని..."

"అని?" అన్నాడు పెద్దదొర. "నా మేనల్లుడు ఆగనన్నాడా? చచ్చినవాడి మీద చెబుతావా?"

నాన్న గొట్టం మూత తిప్పుతూ ఉండిపోయాడు. "ఆ మాత్రం గాలి ఎప్పుడూ ఉంటుంది," అన్నాడు.

దిగువ కోటలోకి తెల్లదొర వచ్చాక మా ఏటి మీద మనిషికి బదులు మనిషిని చంపడం పోయింది. మనిషికి బదులు మనిషినివ్వడం పోలేదు. హున్యాంగ్ అడిగింది అదే. "నా గది ఖాళీ అయింది. దాని గదిలోంచి ఒకరిని ఇవ్వండి. అది మాత్రం ఈ ఇంట్లో ఉండకూడదు."

పంది దండగ వెనక ఏముందో అప్పుడు అమ్మకి అర్థమైంది. దొరసాని వైపు చూసింది. దొరసాని చనిపోయినవాడి కాళ్ళ దగ్గర కూర్చుని చాప సర్దుతోంది.

"నేను కాదు," అంది అమ్మ. "దువ్వుకుంది దొరసాని. బుట్ట దించి, తన దువ్వెనతో. నా కూతురు కళ్ళారా చూసింది. పంది తనే ఇస్తానంది, నన్ను ఒప్పుకోమంది."

దొరసాని తల ఎత్తలేదు. "నిన్న పిల్ల నోరు మూసింది," అంది మెల్లగా. "ఇవాళ తెరుస్తోంది. నిన్నటి నాలుక నిజమా, ఇవాళ్టిదా?"

"పిల్లనడగండి," అంది అమ్మ. నన్ను ముందుకి నెట్టింది. "చెప్పవే. ఏం చూశావో చెప్పు."

"పాలపళ్ళు ఊడని పిల్ల మాట సాక్ష్యానికి రాదు," అన్నాడు దొర. "ఆత్మ ఇంకా ఒంట్లో కుదురుకోదు. కలలో చూసిందీ ఒకటే, మెలకువలో చూసిందీ ఒకటే. నీకు తెలీదా?"

"కదులుతోంది," అంది అమ్మ. "ముందు పన్ను. చూడండి, కదులుతోంది."

"కదిలితే ఊడినట్టా?"

అమ్మ నా గడ్డం పట్టుకుంది. "నోరు తెరువమ్మా," అంది. ఆమె గొంతు పేలు చూసేటప్పటి గొంతే. తెరిచాను. రెండు వేళ్ళతో పన్ను పట్టుకుని మెలితిప్పింది. నేను కేక పెట్టాను. పన్ను ఇంకా రాలేదు. "ఒక్క నిమిషం బంగారూ, ఒక్క నిమిషం," అంటోంది, మళ్ళీ తిప్పుతోంది. నెత్తురు ఆమె మణికట్టు మీదికి కారింది. నేను ఆమె వేళ్ళని కొరికాను. అయినా వదల్లేదు.

హున్యాంగ్ లేచి వచ్చి నన్ను లాక్కుంది. "చూశారుగా," అంది అందరితో. "కన్నకూతుర్నే ఏం చేస్తోందో చూశారుగా. దీన్నా దాని దగ్గర ఉంచేది?"

ఆడవాళ్ళు కొందరు నోళ్ళు నొక్కుకున్నారు. అంతకుముందు దాకా ఎవరి మనసులోనైనా కొంచెం జాలి ఉంటే అది అక్కడితో పోయింది. హున్యాంగ్ అడిగినట్టే కానిమ్మన్నాడు దొర. పన్ను ఆ మర్నాటి రాత్రి అన్నం తింటుంటే దానంతటదే ఊడింది.

తప్పు చేసినవాళ్ళు రేవు దాటాక గానీ బుట్ట మీద రక్తం చిలకరించకూడదు. మర్నాడు పొద్దున్నే అమ్మకి చిన్న పడవ, ఒక తెడ్డు, ఆకులో కట్టిన అన్నం ఇచ్చారు. నాన్న రేవుకి రాలేదు. గొట్టం మాత్రం పంపించాడు, పిల్ల తలకి రాయమని.

అమ్మ నన్ను ముట్టుకోకూడదు. హున్యాంగ్ నన్ను చంకనేసుకుని మెట్ల పైన నిలబడింది. అమ్మ కింద నీళ్ళలో నిలబడి మాట్లాడింది, సంతకెళ్ళేవాళ్ళు పక్కింటివాళ్ళకి అప్పజెప్పినట్టు.

"పెద్దమ్మా, ఎడమ చెవి వెనక పుండుంది. నూనె అక్కడ తగలనివ్వకండి, మండుతుంది. చుట్టూ రాయండి."

హున్యాంగ్ నన్ను ఇంకో చంకకి మార్చుకుంది.

"పడుకునేటప్పుడు వీపు మీద చెయ్యి వెయ్యకపోతే నిద్రపోదు."

"పడవ కదుల్చు," అంది హున్యాంగ్.

"సాయంత్రానికి వస్తావా?" అన్నాను నేను.

అమ్మ నా వైపు చూసి, "వస్తాలే. నువ్వు ఏడవకుండా ఉండు," అంది. తర్వాత తెడ్డు వేసింది. తింజర్ చేరిందని ఒకరు, చేరలేదని ఒకరు చెప్పారు. నేను పెద్దదాన్నయ్యాక మనుషుల్ని పంపి అడిగించాను. అక్కడెవరూ ఆమెని చూడలేదన్నారు.

పడవ ఇంకా వంపు తిరగకముందే పైన పందిని కోశారు. చావు ఇంట్లో ఉంది కాబట్టి గంటలు మోగించలేదు. కానీ దువ్వెనల కట్టు విప్పక తప్పదు, విప్పకపోతే వచ్చే ఏటి చెట్లు కూడా పాడవుతాయి. దొర బుట్ట మీద రక్తం చిలకరించాడు. ఆడవాళ్ళందరూ వసారా అంచున వరసగా ఏటి వైపు తిరిగి కూర్చున్నారు. ఎవరి దువ్వెన వాళ్ళు ఏరుకున్నారు. ఇన్నాళ్ళ చిక్కు తలల్లో దువ్వెనలు పడి చరచరమన్నాయి. కర్ర పళ్ళు విరిగాయి. "అమ్మో, నెత్తి ఊడొస్తోందే" అని మూలిగేవాళ్ళు, చావింట్లో నవ్వకూడదని పెదవి కొరుక్కునేవాళ్ళు.

హున్యాంగ్ తన జుట్టు విప్పలేదు, ఆమెకి మైల. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని నాన్న తెచ్చిన నూనె నా నెత్తిన పోసింది. చల్లగా మొదలై నిప్పులా మండింది. పుండు మీదికీ కారింది. తుగాంగ్‌ని చంపిన చెట్టు వాసన నా కళ్ళలోకీ ముక్కులోకీ పోయింది. ఆమె దువ్వడం మొదలుపెట్టింది. పేలు చాప మీద రాలుతున్నాయి.

మా పక్కనే, వరసలో మొదట, దొరసాని కూర్చుంది. తల మీది ఎర్ర గుడ్డ తీసేసింది. ఇక దాచక్కర్లేదనుకుందో, అసలు ఆ ధ్యాసే లేదో. తాబేటి చిప్ప దువ్వెన నడినెత్తిన పెట్టింది. అది మోకాళ్ళ దాకా ఎక్కడా ఆగకుండా, చప్పుడు లేకుండా జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

చరచరమనే చప్పుడు ఒకరి తర్వాత ఒకరి దగ్గర ఆగింది. అందరూ చూశారు. కాసేపటికి ఒక్కొక్కరే తమ తలల మీదికి చూపు దించుకున్నారు.

హున్యాంగ్ కూడా చూసింది. నా తలలో ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను ఒళ్ళోంచి పైకి చూస్తే ఆమె దొరసాని దువ్వెన చూసి, ఏటి వైపు చూసింది. పడవ వంపు దగ్గర ఉంది. అమ్మ తెడ్డు ఎత్తడం కనిపిస్తోంది. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరం.

ఆమె ఒళ్ళో నేను ఉన్నాను. వెనక ఆమె గదిలో ఇంకెవరూ లేరు.

"కదలకు," అంది నాతో, నేను కదలకపోయినా. తర్వాత దువ్వెన పుండు మీదుగా గట్టిగా లాగింది.